మోటారు సైకిలు మీటరునకు ఎండ దెబ్బ – కారణములు, నివారణోపాయములు

ఎండ దెబ్బ పైరునకును, పశువునకును, మనుజునకును తగులునని మనమందరము ఎరుగుదుము. ఎండవేళ నారుమడికి నీరు పెట్టుదుము. ఎద్దులను చెట్టు నీడకు తోలుదుము. మనము తలకు తువ్వాలు చుట్టుకొందుము. కాని చేనిగట్టున నిలిపిన మోటారు సైకిలునకు గూడ ఎండ దెబ్బ తగులునను సంగతిని తలచువారు అరుదు. నేడు మన పల్లెలలో ఈ బండి లేక ఎరువు బస్తా ఇల్లు చేరదు, పాలు కేంద్రమునకు చేరవు, పిల్లవాడు బడికి చేరడు. అట్టి బండిలో ఎండకు మొట్టమొదట చెడునది చేతికమ్మి నడుమ నుండు మీటరు. దానిని గూర్చి రైతు సోదరులకు నాలుగు మాటలు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఒక వైశాఖమాసమున నేనొక గ్రామమునకు పోయియుండగా మన సంఘ సభ్యులగు ఒక వృద్ధ రైతు దిగులు మొగముతో నాకడకు వచ్చిరి. ఉదయమున బండిని కల్లముచెంత నిలిపి, పొద్దు వాలిన పిదప తాళము త్రిప్పి చూడగా మీటరు తెర యంతయు బొగ్గువలె నల్లబడి యుండెనట. “అయ్యా, నా బండికి చూపు పోయినది. మీటరంతయు మార్చవలెనని మెకానిక్కు చెప్పినాడు. విత్తనములకని దాచిన సొమ్ము తీయక తప్పదేమో” అని వాపోయిరి. నేను తెరను తాకి చూచితిని, వ్రేలు నిలువలేదు. “పెద్దయ్యగారూ, ఒక్క రాత్రి ఓపిక పట్టుడు. బండిని సావడిలో పెట్టుడు. తెల్లవారినంతనే తాళము త్రిప్పి చూడుడు” అంటిని. మరునాడు ప్రొద్దుట అంకెలన్నియు యథాప్రకారము కనబడెను. ఆయన విత్తనముల సొమ్ము విత్తనములకే మిగిలెను.

ఇది చెప్పి నేను గొప్పవాడనని అనిపించుకొనుట నా ఉద్దేశము కాదు. ఏలయన, అంతకు రెండేండ్లకు మునుపు నా సొంత బండి మీటరును నా చేతులారా నేనే పాడుచేసికొంటిని. ఆ కథ క్రింద వచ్చును.

మీటరు చెడిన నష్టమేమి?

“వేగము కనబడకున్న నేమి? నా బండి వేగము నాకు తెలియును” అని కొందరందురు. వేగము మాట అటుంచుడు. వెనుకటి బండ్లలో పెట్రోలు గొట్టమునకు రిజర్వు మర ఉండెడిది. బండి దారిలో ఆగిపోయిన యెడల ఆ మరను త్రిప్పి, మిగిలిన కొద్ది పెట్రోలుతో బంకునకు చేరెడివారము. 2020వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి మన దేశములో భారత్ స్టేజి ఆరు అను పొగ నిబంధనలు అమలునకు వచ్చిన తరువాత, క్రొత్త బండ్లలో కార్బురేటరునకు మారుగా పెట్రోలును చిమ్మెడి ఇంజెక్షను పద్ధతి సామాన్యమైనది. ఇట్టి బండ్లలో పెక్కింటికి రిజర్వు మర లేదు. పెట్రోలు ఎంత ఉన్నదో చెప్పునది మీటరొక్కటే. అంతియ కాదు, పెట్రోలును త్రోయు పంపు టాంకీలోనే పెట్రోలులో మునిగి యుండి, ఆ పెట్రోలుచేతనే చల్లబడుచుండును. మాటిమాటికి టాంకీ ఎండిపోవువరకు నడపిన యెడల ఆ పంపు వేడెక్కి చెడును. ఇంజనులో దోషము కలిగినపుడు వెలుగు పసుపుపచ్చని దీపముగూడ ఆ మీటరులోనే కలదు. పైగాజు మసకబారి ఆ దీపము కనబడకపోయిన, చిన్న దోషము పెద్ద ఖర్చుగా మారును. కావున మీటరు అలంకారము కాదు, బండికి కన్ను.

మీటరు నిర్మాణము

మీటరులో ముఖ్యముగా మూడు భాగములు. మొదటిది మనకు పైకి గాజువలె కనబడు మూత. ఇది నిజమునకు గాజు కాదు; పాలికార్బనేటు గాని ఏక్రిలిక్ గాని అను పారదర్శకమైన ప్లాస్టిక్కు. రెండవది లోపలి పలక. ముల్లు, అంకెలు గాని, అంకెలు తామే వెలుగు తెర గాని ఇందుండును. మూడవది వీనినన్నిటిని పొదివికొన్న నల్లని డబ్బీ. ఈ మూడింటిని ఎండ మూడు విధముల బాధించును.

వెలుతురువలన కలుగు చెరుపు

సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. ప్లాస్టిక్కు అనునది పొడవైన గొలుసుల వంటి అణువులతో నైనది. ఈ కిరణములు ఆ గొలుసు లంకెలను కొంచెము కొంచెముగా త్రెంచుచుండును. కళ్ళముమీద ఏడాది పొడవున విడిచిన టార్పాలిను చేత పట్టగానే చిరిగిపోవుట మీరెరిగినదే. అదియు ఈ కిరణముల పనియే.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. బిందు సేద్యపు నల్లగొట్టము ఏండ్ల తరబడి ఎండలో నుండియు ఏల నిలుచును? దానిలో సన్నని బొగ్గుపొడి కలిపియుందురు. ఆ నలుపు కిరణములను పైపొరలోనే మ్రింగివైచి లోపలి భాగమును కాపాడును. మీటరు మూత తేటగా నుండవలయును గదా. అందులో బొగ్గు కలుపుటకు వీలులేదు. అందుచే తయారుచేయువారు కిరణములను ఆపు మందును ప్లాస్టిక్కులో కలుపుదురు, లేదా పైని సన్నని పూత వేయుదురు. ఆ పూత ఉన్నంతకాలము మూత తేటగా నుండును. అది గీతలు పడి అరిగిన పిదప పాలికార్బనేటు పసుపుబారి, మసకబారి, తుదకు సన్నని బీటలు వేయును. ఏక్రిలిక్ ఎండకు ఇంతకంటె ఓర్చుకొనును గాని దెబ్బకు త్వరగా పగులును.

లోపలి అచ్చు రంగులుగూడ వెలియును. అందులో ఎరుపు ముందుగా వెలియుట తరచు కనబడును. పెట్రోలు ముల్లు చూపవలసిన ఎర్రగీత తెల్లబోయిన బండ్లు మన ఊళ్ళలో కొల్లలు.

వేడివలన కలుగు చెరుపు

నడిమధ్యాహ్నమున నిర్మలాకాశము క్రింద ఒక చదరపు మీటరు స్థలముమీద ఇంచుమించు 1000 వాట్ల శక్తి పడును. మీటరు పలక పదిహేను సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు గలదనుకొనుడు. దానిమీద పడునది 15 వాట్లు. మూసిన నల్లడబ్బీలో 15 వాట్ల దీపమును మధ్యాహ్నమంతయు వెలిగించి యుంచినట్లయినది. తేటమూత వెలుతురును లోనికి రానిచ్చును. లోపలి నలుపు దానిని మ్రింగి వేడిగా మార్చును. ఆ వేడి బయటికి సులభముగా పోజాలదు. అందుచే బయట గాలి 44, 45 డిగ్రీలున్న దినమున ఎండలోని నల్లని భాగములు 70 డిగ్రీలు దాటుట వింత కాదు.

ఇప్పుడు ఆ వృద్ధ రైతుగారి తెర ఏల నల్లబడెనో చూతము. ఆ తెరలో ద్రవస్ఫటికము అను పదార్థము రెండు గాజుపలకల నడుమ పలుచగా నుండును. అది నీటివలె పారును, కాని దాని అణువులు నాటిన వరిదుబ్బులవలె వరుస తప్పక నిలుచును. ఈ పదార్థము మొదట కంటబడినది ఒక వృక్షశాస్త్రజ్ఞునికే యనిన మన వ్యవసాయదారులకు సంతోషము కలుగును. 1888వ సంవత్సరమున ప్రేగు నగరమున రైనిట్జరు అను పండితుడు గాజరుదుంపల నుండి తీసిన ఒక పదార్థమును పరీక్షించుచు, అది 145.5 డిగ్రీల యొద్ద కరగి మబ్బుగా నుండి, 178.5 డిగ్రీల యొద్ద తేటపడుటను గమనించెను. ఒకే పదార్థమునకు రెండు కరుగుటలుండుట ఆయనకు వింతగా తోచెను. నేటి మీటరు తెరలకు ఆనాటి ఆ పరిశీలనయే మూలము.

తెర పనిచేయు తీరు ఇట్లు. రెండు గాజుపలకల వెలుపల రెండు పొరలు అంటింపబడియుండును. ఈ పొరలు నిలువు కఱ్ఱల దడివంటివి. పలకను నిలువుగా పట్టిన దడిసందున దూరును. అడ్డముగా పట్టిన దూరదు. ఒక దడి నిలువు, రెండవది అడ్డము. మొదటి దడిని దాటిన వెలుతురును నడుమనున్న ద్రవస్ఫటికము మెల్లగా మెలిత్రిప్పి, రెండవ దడి సందుకు సరిపోవునట్లు చేయును. అప్పుడు తెర తేటగా నుండును. విద్యుత్తు తగిలిన చోట ఆ మెలిక పోయి, వెలుతురు ఆగి, నల్లని అంకె కనబడును. వేడి మితిమీరినపుడు అణువుల వరుస అంతయు చెదరును, మెలికయే యుండదు, తెర నిండ నలుపు క్రమ్మును. మరికొన్ని తరహాల తెరలలో నల్లబడుటకు మారుగా అంకెలు మాయమగును. చల్లబడగానే వరుస తిరిగి కుదురుకొనును. కావున ఇట్టి నలుపు రోగము కాదు, హెచ్చరిక.

అయితే హెచ్చరికను లెక్కచేయక ప్రతిదినము అట్లే ఎండబెట్టిన యెడల వెలుపలి పొరలు మాడి, జిగురు ఉబ్బి, మచ్చలు నిలిచిపోవును. ఆ మచ్చలు రాత్రి చల్లదనమునకు పోవు. అప్పుడు పొర మార్చవలసినదే. పట్టణములలో పొర మాత్రము మార్చి ఇచ్చు పనివారు కలరు. మీటరంతయు మార్చుటకు ముందు వారిని విచారించుట మేలు.

ఇంకొక పొరపాటుగూడ గమనింపదగినది. పోలరాయిడు నల్లకళ్ళజోడు పెట్టుకొని చూచిన యెడల మంచి తెరయు నల్లగా కనబడవచ్చును. ఆ కళ్ళజోడుగూడ పైన చెప్పిన దడివంటిదే. జోడు తీసి చూచి గాని మెకానిక్కు దుకాణమునకు పోరాదు.

ముందు అద్దమువలన కలుగు చెరుపు

నేను మిషను పాఠశాలలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయులు భూతద్దముతో ఎండను ఒక చోటికి కూర్చి కాగితమును కాల్చి చూపెడివారు. వంపు తిరిగిన నున్నని వస్తువేదియైనను ఇంచుమించు ఆ పనియే చేయగలదు. 2013వ సంవత్సరమున లండను నగరమున ఫెంచర్చి వీధిలో క్రొత్తగా కట్టుచున్న ఒక ఎత్తైన మేడ యొక్క వంపు గాజుగోడ ఎండను వీధిలోనికి కూర్చగా, అచట నిలిపిన ఒక మోటారుకారు భాగములు కరగిపోయెను. చల్లని లండనులోనే అట్లయిన, మన ఎండల మాట చెప్పవలయునా?

కొన్ని బండ్లకును స్కూటర్లకును ముందు గాలిని ఆపు వంపు అద్దముండును. ఎండ వెనుకనుండి వచ్చి ఆ అద్దపు లోవంపుమీద పడిన యెడల, అది పుటాకార దర్పణమువలె వెలుతురును మీటరు మీదికి కూర్చును. మూతమీద గాని అంచుమీద గాని ఒక గీతవలె కరగిన గుర్తు కనబడిన, కారణము తరచు ఇదియే.

నీరు, రసాయనములవలన కలుగు చెరుపు

డబ్బీలోని గాలి 30 డిగ్రీలనుండి 70 డిగ్రీలకు వేడెక్కిన యెడల నూటికి పదమూడు వంతులు వ్యాకోచించును. ఆ అధికపు గాలి సందులగుండ బయటికి పోవును. అట్టి వేడి మీటరుమీద బావినీరు గుమ్మరించిన లోపలి గాలి చప్పున కుంచించుకొని బయటి తేమను లోనికి పీల్చుకొనును. మరునాటి ఉదయమున మూతక్రింద మంచు పట్టినట్లుండుటకు ఇదియే హేతువు. వేడి పాత్రలో చన్నీరు పోసిన పగులునని మన ఇండ్లలో ఆడువారికి తెలిసిన సంగతి, బండి కడుగునపుడు మనము మరతుము.

ఇక నా తప్పు చెప్పెదను. మీటరుమీద జీడిమరక పడగా, త్వరగా పోవునని పెట్రోలు తడిపిన గుడ్డతో రుద్దితిని. మరక పోయినది. వారము తిరుగకమునుపే మూత నిండ సాలెగూడువంటి సన్నని బీటలు వచ్చినవి. ఎండకు బలము తగ్గిన ప్లాస్టిక్కును పెట్రోలు, తిన్నరు వంటి ద్రావకములు మరింత పెళుసుగా చేయునని పిమ్మట తెలిసికొంటిని. క్రొత్త మూత దొరకక మీటరంతయు కొనవలసి వచ్చెను. పురుగుమందులలో ఇ.సి. అని వ్రాసియుండు నూనెమందులలోను ఇట్టి ద్రావకములే యుండును. మందు కొట్టిన చేతులతో మీటరును తుడువరాదు. మందు సీసాను చేతికమ్మికి వ్రేలాడదీయరాదు. ఇది మీటరునకే కాదు, మన ఒంటికిని మంచిది.

చేయవలసిన పనులు

1. నీడను ముందుచూపుతో ఎన్నుకొనుడు. ఉదయపు నీడ చెట్టునకు పడమట పడును, సాయంకాలపు నీడ తూర్పున పడును. ఉదయము పోయి సాయంకాలము వరకు పనిచేయువారు బండిని మ్రానునకు చేరువగా తూర్పు ప్రక్కను నిలుపవలయును. తెలుగుదేశములో ఏప్రిలు చివరనుండి మే నడుమ వరకు ఒక్కొక్క తావున ఒక్కొక్క దినమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అప్పుడు నీడ కొమ్మల క్రిందనే యుండును. వేప, కానుగ, చింత శ్రేష్ఠములు. గడ్డివామి ప్రక్క మాత్రము నిలుపవలదు. వేడి సైలెన్సరువలన నిప్పు పుట్టవచ్చును.

2. నీడ లేని చోట బండి మొగమును సూర్యునివైపు త్రిప్పి నిలుపుడు. మీటరు నడుపువానివైపు వాలియుండును గనుక, అట్లు నిలిపిన ఎండ దానిమీద సూటిగా పడదు; ముందు అద్దపు లోవంపుమీదను పడదు.

3. మీటరుమీద తెల్లని దళసరి గుడ్డ కప్పుడు. పాత పంచె నాలుగు మడతలు చాలును. నల్లని పాలిథీను, తేట పాలిథీను పనికిరావు. అవి వేడిని పెంచును. గుడ్డ ఇంజనుమీదికి వ్రేలాడకుండ కట్టవలయును.

4. క్రొత్త బండి కొన్నపుడు మీటరుమీద అంటించియుండు పలుచని కాగితమువంటి పొరను వెంటనే తీసివేయుడు. క్రొత్తదనము చెడునని దానిని ఏండ్లకొలది ఉంచుకొనువారు కలరు. ఎండకు దాని జిగురు ఉడికి మూతకు అంటుకొని, పిమ్మట తీసినను మచ్చలు పోవు.

5. తుడుచునపుడు మొదట చల్లని వేళ నీరు చిలికి దుమ్మును జార్చుడు. దుమ్మనగా సన్నని ఇసుకయే. పొడిగుడ్డతో రుద్దిన పైపూత గీసికొనిపోవును. పిదప మెత్తని నూలుగుడ్డను ఒక చుక్క సబ్బునీటిలో తడిపి తుడువుడు. పెట్రోలు, కిరసనాయిలు, తిన్నరు, గోనెపట్ట తగవు.

6. తెర నల్లబడిన యెడల నీరు పోయక, కొట్టక, బండిని నీడకు చేర్చి చల్లబడనిండు. ఒక రాత్రి గడచినను నలుపు పోనిచో పనివానికి చూపుడు. అంతవరకు పెట్రోలును టాంకీ మూత తీసి కంటితో చూచుకొనుచుండవలయును.

7. మూత పైభాగము మాత్రమే మసకబారియున్న మెరుగుపెట్టువారు నునుపుచేసి ఇత్తురు. కాని ఆ పనిలో పైపూత లేచిపోవును. మరల పూత వేయించనిచో అది మునుపటికంటె త్వరగా పసుపుబారును.

8. గ్యారంటీ గడువులో మీటరు చెడిన యెడల ఫోటో తీసి, తేదీ వేసి, వ్రాతమూలకముగా అమ్మకందారునకు తెలుపుడు. నోటిమాట నిలువదు. డబ్బీని మీరు విప్పిన యెడల మీ హక్కు చిక్కులో పడును.

సంఘము చేయదగినది

ఒక్కొక్కరు గుడ్డ కప్పుకొనుట మంచిదే. కాని ధాన్యము కొను దినములలో, ఎరువు పంచు దినములలో మన సంఘ కార్యాలయముల యెదుట ఎన్ని బండ్లు నిట్టనిలువు ఎండలో గంటల తరబడి నిలుచునో చూడుడు. అచట నాలుగు వెదుళ్ళు నాటి తాటాకు పందిరి వేసిన అందరి బండ్లకును నీడ కలుగును. సభ్యులు తలకొక తాటిమట్టయు, ఒక పూట పనియు ఇచ్చిన సంఘమునకు రూపాయి ఖర్చుండదు. పందిరి చుట్టు ఇప్పుడే నాలుగు కానుగ మొక్కలు నాటిన, తాటాకు చివికిపోవునాటికి చెట్టు నీడ సిద్ధమగును. కలిసి విత్తనము కొనుట, కలిసి పంట అమ్ముట నేర్చిన మనకు కలిసి నీడ కల్పించుకొనుట కష్టమా?

రోహిణికార్తెలో రోళ్ళు పగులునని పెద్దల మాట. రోలు పగిలెడి ఎండలో ప్లాస్టిక్కు మూత ఎంత? సభ్యులలో పలువురి బండ్లు అప్పుచేసి కొన్నవే. ఆ అప్పు తీరువరకైనను బండి కన్ను చెడకుండ కాపాడుకొనుట మన మేలునకే. రేపు పొలమునకు పోవునపుడు ఒక పాత తెల్లపంచె ముక్కను బండి పెట్టెలో వేసికొనిపొండని రైతు సోదరులకు నా మనవి.